ఇంకోలా మాస్టారు

మా ఇంకోలా మాస్టారు ఏ సంగతినీ అది వచ్చిన రూపంలో పుచ్చుకోరు. రాసి ఇస్తే బొమ్మ గీయమంటారు. బొమ్మ గీసి ఇస్తే శబ్దంలో చెప్పమంటారు. శబ్దం పట్టుకొచ్చి వినిపిస్తే చెవికి చెయ్యి అడ్డంపెట్టుకుని ఆసాంతం విని, "బాగుంది. ఇప్పుడు ఇంకోలా చెప్పు" అంటారు. చెప్పడానికి ఇంక ఏ దారీ మిగలక మనిషి గోడకి చేరగిలబడ్డాక, "ఇంతకీ నువ్వనేది ఏమిటి?" అని మళ్లీ మొదటికొస్తారు. ఆయన అసలు పేరు జీతాల కాగితం మీద ఉండే ఉంటుంది. యూనివర్సిటీలో ఎవరికీ దానితో పనిపడలేదు.

ఆయన పీజీ పిల్లలకి పరిశోధన వ్యాసం ఎలా తయారుచేయాలో నేర్పుతారు. అంటే ఒక మాట అనడం, దానికి ఆధారం చూపడం, కాదనేవాడికి జవాబివ్వడం. నేను అదే శాఖలో భాషాశాస్త్రం చెబుతాను. ఉద్యోగంలో చేరిన రోజు నాకు ఆయన గదిలోనే ఒక బల్ల ఇచ్చారు. నేను బ్యాగు కింద పెట్టకముందే ఆయన నా చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు.

"ఈ ఉద్యోగంలోకి ఎందుకొచ్చావమ్మాయ్?"

ఇంటర్వ్యూ కోసం బట్టీపట్టిన జవాబు ఇంకా నోట్లోనే ఉంది. జ్ఞానం, సమాజం, యువతరం అన్నీ కలిపి గడగడా ఒప్పజెప్పాను.

"బాగుంది. ఇప్పుడు మాటల్లేకుండా చెప్పు."

"మాటల్లేకుండా ఎలా సార్?"

"అది నాకేం తెలుసు? జవాబు నీది కదా."

రెండు బస్సులు మారి, మెట్లన్నీ ఎక్కి వచ్చానేమో, కాళ్లు పీకేస్తున్నాయి. దిక్కుతోచక పక్కనున్న కుర్చీ లాక్కుని కూలబడ్డాను.

"అదీ!" అన్నారు మాస్టారు సంబరంగా. "ఇందాకటి దానికంటే ఇది నమ్మేలా ఉంది."

ఆయనకీ ఒక కుర్చీ ఉండేది కానీ దాని మీద కత్తెరలు, జిగురు సీసాలు, అట్టముక్కలు, మూత ఊడిన టేప్ రికార్డరు కూర్చునేవి. ఆయన మాత్రం కాలు కాలిన పిల్లిలా తిరుగుతూనే ఉండేవారు. పేపర్లు నడుస్తూ దిద్దేవారు, ఫోను నడుస్తూ మాట్లాడేవారు. ఆయనతో ఏదైనా తేల్చుకోవాలంటే ఆ వరండా పొడుగునా వెంట పరిగెత్తాలి. మా శాఖలో ఎవరికీ ఒళ్లు రాకపోవడానికి అదొక్కటే కారణం.

ఆ పిచ్చి క్లాసుకే పరిమితమైనా ఒక దారి. క్యాంటీన్లో కిటికీ గట్టు మీద జనం ఎంగిలి గ్లాసులు పెట్టిపోతారని క్యాంటీనాయన ఒక బోర్డు రాయించాడు: 'ఇక్కడ గ్లాసులు పెట్టరాదు.' జనం ఆ బోర్డుకే ఆనించి గ్లాసులు పెట్టేవారు. మాస్టారు ఒకరోజు టీ తాగుతూ బోర్డు ముందు అటూ ఇటూ పచార్లు చేశారు.

"మీ బోర్డు అరుస్తోందండీ, ఒప్పించడం లేదు. ఇంకోలా చెప్పండి."

"ఇంకోలా అంటే? తిట్టి రాయమంటారా?"

"అసలు రాయకండి."

క్యాంటీనాయనకి రోషమొచ్చింది. మర్నాడు గట్టు మీద ఒక చెక్కని ఏటవాలుగా కొట్టించాడు. పెట్టిన గ్లాసు పెట్టినట్టే జారి కింద పడి భళ్లుమంది. మధ్యాహ్నానికి ఆ మూలంతా గాజుపెంకులే.

"వాదన బలంగానే ఉంది," అన్నారు మాస్టారు, పెంకుల మీదుగా జాగ్రత్తగా అడుగులేస్తూ. "కొంచెం నెమ్మదిగా చెప్పుంటే బాగుండేది."

ఆ తర్వాత చాలాకాలం మాస్టారు క్యాంటీన్లోకి అడుగుపెడితే చాలు, ఆ మనిషి గ్లాసులన్నీ లోపల పెట్టేసుకునేవాడు.

ఇక క్లాసు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ ఏడాది బ్యాచిలో ఒక కుర్రాడున్నాడు. అన్నిటికీ ముందుండి మాట్లాడతాడని వాణ్ణి అందరూ లీడర్ అనేవారు. ఆదివారాలు లైబ్రరీ తెరవాలని వాడి వాదన. తెర మీద స్లయిడ్లు వేశాడు. రంగులు, మెరుపులు, గిరగిరా తిరిగే అక్షరాలు.

"ఆ అక్షరాలెందుకు తిరుగుతున్నాయి?" అన్నారు మాస్టారు, తను కూడా తిరుగుతూనే.

"ఆకట్టుకోవడానికి సార్."

"ఆపు." ఆపాడు. "రంగులు తీసెయ్." తీసేశాడు. "ఇప్పుడేం మిగిలింది?"

"'లైబ్రరీ ఆదివారం తెరవాలి' అన్న ముక్క మిగిలింది సార్."

"రంగు పూస్తే మాట వాదన అయిపోదు నాయనా. 'అక్కర్లేదు' అనేవాడు నీ ఎదురుగా కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడనుకో. వాడికేం చూపిస్తావు?"

లీడర్ మొహం మాడిపోయింది. కానీ పట్టుదల గలవాడు. పై సోమవారం ఒకే ఒక్క ఫొటోతో వచ్చాడు. ఆదివారం మధ్యాహ్నం, లైబ్రరీ తలుపుకి తాళం, ఆ తలుపు ముందు మెట్ల నిండా పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని పిల్లలు. పై మెట్టు మీద కూర్చున్న అమ్మాయి తాళంకప్పకే తల ఆనించి చదువుకుంటోంది. మాస్టారు ఆ ఫొటో చుట్టూ తిరిగి తిరిగి, "ఇది వాదన!" అని బల్ల మీద చరిచారు. లీడర్ మొహం చాటంతయింది.

"ఇప్పుడు దీన్నే ఫొటో లేకుండా రాసుకురా."

లీడర్ తల బల్లకేసి కొట్టుకున్నాడు.

ఆ సాయంత్రం పిల్లలు నా దగ్గరకొచ్చి మొరపెట్టుకున్నారు. "మీరైనా చెప్పండి మేడమ్. పక్క సెక్షన్ వాళ్లు ఒకసారి రాసిచ్చి హాయిగా సినిమాలకి పోతున్నారు. మేం ఒక్క విషయాన్నే రాసి, గీసి, వినిపించి, మళ్లీ రాసి చస్తున్నాం."

చెప్పి చూశాను. "మాస్టారూ, పిల్లలు అలిసిపోతున్నారు."

"ఇదే ఇంకోలా చెప్పు."

నేను ఫైలు బల్లకేసి కొట్టి బయటికి వెళ్లిపోయాను.

"స్పష్టంగా ఉంది!" అని వెనకనుంచి మెచ్చుకున్నారు. పద్ధతి మాత్రం మార్చుకోలేదు.

ఈ సంగతి చివరికి రూలు మేడమ్ చెవిన పడింది. ఆవిడ మా డీన్. నిద్రలో లేపినా ఏ రూలుకి ఎన్ని షరతులో చెప్పగలరు. ఒకరోజు వరండాలో మాస్టారిని పట్టుకున్నారు. పట్టుకున్నారనడం కంటే ఆయన పక్కన పరుగందుకున్నారనడం నిజం.

"మాస్టారూ, ఒక్క నిమిషం నిలబడండి!"

"నడుస్తూ చెప్పండి మేడమ్, వింటాను."

"మీ పిల్లల ప్రాజెక్టుల్లో టేపులూ, ఫొటోలూ, అట్టబొమ్మలూ ఉన్నాయట. ప్రాజెక్టంటే రాసిన వ్యాసమండీ. పిల్లల ఆటలు కావు."

"బాగుంది. ఇదే ఇంకోలా చెప్పండి."

"చెబుతాను." ఆవిడ ఆయాసం దిగమింగుకుంటూ ముందుకెళ్లి దారికి అడ్డంగా నిలబడ్డారు. "ఈసారి వైవాకి బయటి యూనివర్సిటీ నుంచి ప్రొఫెసరు వస్తున్నారు. ఇవి వాదనలే కావని ఆయన ఒక్క మాటంటే పిల్లలందరూ మళ్లీ మొదటినుంచి రాయాలి. డిగ్రీలు ఆగిపోతాయి. వచ్చే ఏడు మీ కోర్సు ఉండదు. సరిపోయిందా, ఇంకోలా చెప్పాలా?"

మాస్టారు ఆగిపోయారు. నేను చూస్తుండగా ఆయన ఆగడం అదే మొదలు. పక్కకి తప్పుకుని, మునుపటి కంటే వేగంగా నడుచుకుంటూ వెళ్లిపోయారు.

అక్కణ్ణించి మా గదిలో కాలు నిలవదు, గాలి ఆడదు. ఆయన తలుపు నుంచి కిటికీకి, కిటికీ నుంచి తలుపుకి తిరుగుతుంటే చూడలేక నాకే కళ్లు తిరిగేవి. ఒక పూట తిరుగుతూ తిరుగుతూనే, "వైవాలో ముందు కిటికీ అమ్మాయిని నిలబెడతాను" అన్నారు.

నేను అదిరిపడ్డాను. కిటికీ అమ్మాయి అంటే క్లాసులో కిటికీ పక్క సీటు వదలని పిల్ల. పలకరిస్తే నవ్వుతుంది. చదివి వినిపించమంటే మాత్రం దగ్గొస్తుంది, లేకపోతే కళ్లజోడు మర్చిపోతుంది. నా పరీక్షలో సగం కాగితం ఖాళీగా ఇచ్చింది. శ్రద్ధ లేని పిల్లల్లో ఆమెని నేను ఎప్పుడో జమకట్టేశాను.

"ఆ అమ్మాయినా? కోర్సే మునిగిపోయేలా ఉంటే! గలగలా మాట్లాడే లీడర్ ఉన్నాడుగా మాస్టారూ!"

"లీడర్ని ఎవరైనా ఒప్పుకుంటారు," అన్నారు కిటికీ దగ్గర్నుంచి. "దానివల్ల మనకేం లాభం?"

వైవా రోజు సెమినార్ హాలు గుర్తుపట్టలేకుండా ఉంది. కుర్చీలన్నీ వరసల్లో, మధ్యలో అట్టతో చేసిన ఒక లావుపాటి స్తంభం. గుమ్మంలో కిటికీ అమ్మాయి నిలబడి లోపలికొచ్చే ప్రతివాళ్ల చేతిలో ఒక నంబరు చీటీ పెట్టి, "వెనక వరసలో కూర్చోండి, పిలుస్తాను" అంటోంది. బయటి ప్రొఫెసరు బక్కపల్చటి పెద్దమనిషి, చీటీ తిప్పి తిప్పి చూసుకుని కూర్చున్నారు. రూలు మేడమ్ కూర్చుంటూనే గడియారం చూసుకున్నారు.

గోడకి తగిలించిన స్పీకరు పెట్టెల్లోంచి శబ్దం మొదలైంది. జనం మాటలు, చంటిపిల్ల ఏడుపు, చక్రాల మంచం కీచుమంటూ పోవడం, ఎవరిదో దగ్గు, ఫ్యాను గరగర. మధ్యమధ్యలో ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు ఏదో గొంతు. అలా సాగుతూనే ఉంది. ప్రొఫెసరు సర్దుకున్నారు, మళ్లీ సర్దుకున్నారు. మాస్టారు గోడ వెంబడి పచార్లు చేస్తున్నారు. రూలు మేడమ్‌కి ఓపిక నశించింది.

"అసలిది ఎప్పుడు మొదలవుతుంది?"

కిటికీ అమ్మాయి ముందుకొచ్చింది. "మీ వంతు అయిపోయింది మేడమ్."

"నా వంతా? నన్నెప్పుడు పిలిచారు?"

"ఇందాక మీరు గడియారం చూసుకుంటున్నప్పుడు ఒకసారి, సార్‌తో మాట్లాడుతున్నప్పుడు ఒకసారి. సార్, మిమ్మల్నీ పిలిచారు. మీరూ పలకలేదు. మళ్లీ చీటీ తీసుకుని మొదటినుంచి కూర్చోవాలి."

ప్రొఫెసరు తన చీటీ వంక, ఆ అమ్మాయి వంక మార్చి మార్చి చూశారు.

"ఇది పెద్దాసుపత్రి వెయిటింగ్ హాలండి," అంది. "మా అమ్మమ్మ రెండుసార్లు వంతు పోగొట్టుకుని, పొద్దున్నే వెళ్లి చూపించుకోకుండానే తిరిగొచ్చింది. రోగులకి శ్రద్ధ లేదంటారు అక్కడ. తప్పు రోగులది కాదు, హాలుదని నా వాదన. మీరిప్పుడు విన్నది వెనక వరస కుర్చీలోంచి రికార్డు చేశాను. మీ నంబర్లు అందులో కలిపాను, అంతే."

ప్రొఫెసరు నిటారుగా కూర్చున్నారు. "సరే. దీనికి ఆసుపత్రి వాళ్లేమంటారు?"

"మేనేజరుగారు మైకు బ్రహ్మాండంగా పనిచేస్తోందంటారు సార్."

"మరి ఆయన అబద్ధమాడుతున్నాడా?"

"లేదు సార్. నిజమే చెబుతున్నారు." ఆమె ఇంకో శబ్దం పెట్టింది. 'పద్నాలుగో నంబరు, మూడో గదికి రావాలి.' గంట కొట్టినట్టు వినబడింది. "ఇది ఆయన కుర్చీలోంచి." తెర మీద రెండు ఫొటోలు పడ్డాయి. ఒకటి మేనేజరు కుర్చీలోంచి తీసింది, మైకు పెట్టె సరిగ్గా నెత్తి మీద. రెండోది వెనక కుర్చీలోంచి తీసింది, ఫొటో నిండా స్తంభమే. "ఆయన కూర్చున్న చోటు నుంచి అది నిజం. మా అమ్మమ్మ కూర్చున్న చోటు నుంచి ఇది నిజం. ఏ కుర్చీలో ఎక్కువమంది కూర్చుంటారో చూసి పెట్టెలు తగిలించాలి. అదే నేననేది."

ప్రొఫెసరు లేచి, స్తంభం చుట్టూ తిరిగి, ముందు వరసలో ఒకసారి, వెనక వరసలో ఒకసారి కూర్చుని విన్నారు. "ఇది రాసి ఇచ్చుంటే నేను చదివి, ఒప్పుకుని, టీ తాగేలోపు మర్చిపోయేవాణ్ణి" అన్నారు.

రూలు మేడమ్ అంత తేలిగ్గా వదిలే రకం కాదు. "రాతలో ఏమైనా ఉందా?"

కిటికీ అమ్మాయి ఒక్క కాగితం ఇచ్చింది. మేడమ్ నిలబడే చదివారు. మళ్లీ చదివారు. "వాదన ఉంది, ఆధారం ఉంది, ఎదుటివాళ్లకి జవాబూ ఉంది. రూలు ప్రకారం సరిపోయింది" అన్నారు, పన్ను పీకించుకున్నంత కష్టంగా. వెళ్లబోతూ ఆగి, "అయినా నన్ను ఇంకోసారి పిలవాల్సింది" అన్నారు.

"అక్కడ పిలవరు మేడమ్."

కోర్సు నిలిచింది. లీడర్‌తో సహా అందరూ గట్టెక్కారు. మాస్టారు ఎవరికీ చిక్కకుండా వరండా చివరికి నడుచుకుంటూ పోయారు.

ఆ ఆదివారం కిటికీ అమ్మాయి నాకు ఫోను చేసి, మాస్టారింటికి దారి చూపిస్తారా అని అడిగింది. నేనూ ఆ ఇల్లు చూడలేదు. అడ్రసు పట్టుకుని ఇద్దరం బయల్దేరాం. దారిలో, "మేడమ్, మీ పరీక్షలో సగం ఖాళీ కాగితం ఇచ్చానని కోపమా?" అంది.

"అంతలేదులే," అన్నాను. ఉంది.

"అక్షరాలు నా కళ్ల ముందు కుదురుగా నిలబడవు మేడమ్. చిన్నప్పట్నుంచీ అంతే. ఒక పేజీ చదవాలంటే పూట పడుతుంది. డిగ్రీ అంతా అక్క చదివి వినిపిస్తే గట్టెక్కాను. చేరిన వారంలోనే మాస్టారి దగ్గరకెళ్లి, నావల్ల కాదు మానేస్తానని చెప్పాను. 'రేపు క్లాసుకి రా' అన్నారంతే. మర్నాడు క్లాసులో మొదటి పని ఎవరూ రాయకూడదు, వినిపించాలి అన్నారు. అందరూ ఆయన్ని తిట్టుకున్నారు. నేనొక్కదాన్నే ఊపిరి పీల్చుకున్నాను. చివర్లో రాయమన్నారు, నన్నూ వదల్లేదు. ఆ ఒక్క కాగితానికి నెల పట్టింది. కానీ అప్పటికి ఏం చెప్పాలో నాకు కంఠతా వచ్చు."

నేను అడ్రసు కాగితం తీసి మళ్లీ చదివాను.

తలుపు తీసింది మాస్టారి భార్య. ఆవిడ మందుల షాపు నడుపుతారు. లోపలికి వెళ్లి నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. మాస్టారు వాలుకుర్చీలో కూర్చున్నారు. నిజంగా కూర్చున్నారు. కాళ్లు చాపుకుని, చెవుల్లో దూది పెట్టుకుని, బొమ్మన్నది ఒక్కటీ లేని లావుపాటి పుస్తకంలో మునిగిపోయి ఉన్నారు. మేం వచ్చింది కూడా తెలియలేదు.

"ఒంట్లో బాగాలేదా అండీ?" అని గుసగుసగా అడిగాను.

"ఆయనకేం, దుక్కలా ఉన్నారు. ఆదివారమంతా ఇంతే," అన్నారావిడ. "ఇంట్లో కుర్చీ దిగరు తల్లీ. బొమ్మలంటే చిరాకు. పాటంటే తలనొప్పి. మా పెళ్లి ఆల్బమ్ ఇప్పటికీ చూడలేదు. ఆయనకి కావాల్సింది అచ్చక్షరాలు, కదలని కుర్చీ."

"మరి యూనివర్సిటీలో?"

మాస్టారు తలెత్తారు. దొంగతనం బయటపడినవాడిలా చెవుల్లో దూది తీసి జేబులో కుక్కుకున్నారు. కిటికీ అమ్మాయి ఆయన ముందు నిలబడింది.

"మాస్టారూ, ఇదంతా నాకోసమేనా?"

"నీకోసమేమిటి?" అన్నారు కంగారుగా. "నువ్వు ఈ ఏడు వచ్చావు. ఏ ఏడైనా ఒకరుంటారు. ఒకరికి అక్షరం పలకదు, ఒకరికి నలుగుర్లో నోరు పెగలదు, ఒకరికి చెవి సరిగ్గా వినబడదు. ఎవరో ముందుగా తెలియదు, అడిగితే చెప్పరు. అందుకని అందరికీ అన్నీ తగిలించేస్తాను. ఎవరి దారి వాళ్లకి ఎక్కడో ఒకచోట దొరుకుతుంది."

"అవసరమైనవాళ్లకి మాత్రం ఇవ్వొచ్చుగా మాస్టారూ," అన్నాను.

"ఒక ఏడు ఒక్క పిల్లాడికి అలాగే ఇచ్చాను. మిగతావాళ్లు వాడికి వెక్కిరింత పేరు పెట్టారు. నెల తిరక్కుండా మానేశాడు." పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నారు. "ఒక్కరికే ఇస్తే మినహాయింపంటారమ్మాయ్. అందరికీ ఇస్తే సిలబస్ అంటారు."

"మరి క్యాంటీనాయన ఏం చేశాడండీ? ఆయన గ్లాసులన్నీ బద్దలయ్యాయి!"

"క్లాసులో మాత్రమే పిచ్చివాడిలా ఉంటే పిల్లలకి అనుమానం రాదూ? పిచ్చన్నాక అందరి మీదా సమానంగా ఉండాలి."

"సాయంత్రానికి ఈయన కాళ్లకి వేడినీళ్ల కాపడం పెట్టలేక నేను చస్తున్నాను," అన్నారు ఆయన భార్య. "నడక అలవాటు లేని మనిషి!"

కిటికీ అమ్మాయి పడీపడీ నవ్వింది. మాస్టారు మాత్రం ఆందోళనగా మా ఇద్దరి వంకా చూసి, "ఈ కుర్చీ సంగతి బయట అనకండి" అని బతిమాలుకున్నారు.

కొత్త ఏడు క్లాసులు మొదలైన వారంలో ఒక పొద్దున్న నేను గదిలో కూర్చుని మూడు రోజులు కష్టపడి తయారుచేసిన ప్రశ్నపత్రం చూసుకుంటున్నాను. మాస్టారు సుడిగాలిలా వచ్చి, దాన్ని నా చేతిలోంచి లాక్కుని, నడుస్తూ చదివి, వరండాలో పిల్లలందరికీ వినబడేలా అన్నారు:

"బాగుంది. ఇదే ఇంకోలా అడుగు."

నేను బయటికొచ్చి రెండు చేతులూ తల మీద పెట్టుకుని, "ఈ మనిషితో వేగలేక చస్తున్నానర్రా! ఈయనకి పిచ్చి ముదిరింది!" అని ఆ అంతస్తంతా దద్దరిల్లేలా అరిచాను. కొత్తగా చేరిన పిల్లలు జాలిగా నా వంక చూశారు. మాస్టారు వరండా మలుపు తిరుగుతూ, ఒక్క క్షణం వెనక్కి చూసి, ఎంతో మర్యాదగా తల వంచారు.